పది ఇరవై విమానం

"ఏడు గంటల ప్రయాణం అందా?"

"ఏడు గంటలే," అన్నాడు సీఐ సుబ్రహ్మణ్యేశ్వరరావు కాగితం మీంచి తలెత్తకుండా. "మంగళవారం రాత్రి పది ఇరవైకి కువైట్‌లో విమానం బయల్దేరింది. బుధవారం తెల్లవారుజామున ఐదు ఇరవైకి హైదరాబాద్‌లో దిగింది. విమానం కంపెనీ వాళ్ళని అడిగి ఖాయం చేసుకున్నాం. చచ్చిపోయినావిడ అక్కగారు చెప్పిన టైములూ, వాళ్ళు చెప్పిన టైములూ పొల్లు పోకుండా కలిశాయి. ఇంకేం కావాలి డిటెక్టివ్‌గారికి?"

డిటెక్టివ్‌గారు అన్నప్పుడు అతని మూతి కొద్దిగా వంకర తిరిగింది. సుగుణ పట్టించుకోలేదు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరారు. లాకప్‌లో పోయిన ఒక కుర్రాడి విషయంలో సుగుణ జరిగింది జరిగినట్టు రాసింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు రాయలేదు. ఇప్పుడతను సీఐ. ఆమె ఉద్యోగం వదిలేసి, రాజమండ్రిలో ఒక కంప్యూటర్ సెంటరు మేడమీద గది అద్దెకు తీసుకుని, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది.

"చెల్లెలు విమానం ఎక్కి చేసిందన్న ఆ ఫోన్ కాల్, అక్క భవానీదేవి ఫోన్లో మీరు చూశారా?" అని అడిగింది.

"చెల్లెలు చచ్చి ఏడుస్తున్న మనిషి చేతిలోంచి ఫోన్ లాక్కోమంటారా?"

"టాక్సీ డ్రైవరు వీరబాబు చేతిలోంచి స్టీరింగు లాక్కున్నారు కదా."

సీఐ కాగితం పక్కన పెట్టాడు. "వీరబాబు నేరం ఒప్పుకున్నాడు."

"ఎన్ని దెబ్బలకి?"

సీఐ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"చూడండి సుగుణగారూ. రేపు వాణ్ణి జైలు నుంచి పోలీసు కస్టడీకి తీసుకుంటున్నాను. గొలుసు ఎక్కడ దాచాడో చెప్పిస్తాను. ఈలోగా మీరు ఏం పీక్కుంటారో పీక్కోండి."

ఈ కేసులో పెద్దగా ఆలోచించాల్సిందేమీ లేదని అందరూ అనుకున్నారు. వెంకటదుర్గ తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. మొగుడు చేపల వేటకి వెళ్ళి అంతర్వేది దగ్గర సముద్రంలో పోయాడు. నాలుగేళ్ళ కూతుర్ని అక్క చేతుల్లో పెట్టి విమానం ఎక్కింది. బుధవారం హైదరాబాద్‌లో దిగి, ఇంకో విమానంలో రాజమండ్రి వచ్చి, అక్కడ వీరబాబు టాక్సీ మాట్లాడుకుంది. కాట్రేనికోన దాటాక పల్లిమెరకలో ఉన్న అక్క ఇంటికి మాత్రం చేరలేదు. ఆ సాయంత్రమే అక్క భవానీదేవి స్టేషన్‌కి వచ్చి, చెల్లెలు రాలేదని వేలిముద్ర వేసి కంప్లైంటు ఇచ్చింది. మర్నాడు పొద్దున్న రోడ్డు పక్క మురుగుకాలవ తూరలో, సిమెంటు గొట్టంలో శవం దొరికింది. తలకి దెబ్బ. మెడలో గొలుసు లేదు, ఫోను లేదు, చక్రాల పెట్టె లేదు.

పల్లిమెరక వంతెన దగ్గర దింపమంటే దింపేసి వెనక్కి వచ్చేశానని వీరబాబు దెబ్బలకి ఒప్పుకునేదాకా చెబుతూనే ఉన్నాడు. ఇంటిదాకా కారు వెళ్ళే రోడ్డు ఉండగా, పెద్ద పెట్టెతో ఉన్న ఆడమనిషి మండుటెండలో మధ్యలో ఎందుకు దిగుతుందని సీఐ అడిగాడు. ఆవిడ చెప్పలేదన్నాడు వీరబాబు.

బయట వేపచెట్టు కింద వీరబాబు భార్య సూర్యావతి నిలబడి ఉంది. సుగుణ రాగానే చెంగు సర్దుకుని ఎదురొచ్చింది.

"ఏమన్నారండి?"

"రేపు కస్టడీకి తీసుకుంటారట."

"అంటే మళ్ళీ కొడతారాండి?"

సుగుణకి అబద్ధం చెప్పాలనిపించలేదు. "కొట్టొచ్చు."

సూర్యావతి ఏడవలేదు. "నిన్న జైల్లో ములాఖాతుకి వెళ్తే ఎడం చేత్తో నమస్కారం పెట్టేరండి, వాళ్ళమ్మకి. కుడిచెయ్యి లేవట్లేదు. ఆ చెయ్యే కదండీ మా ఇంట్లో అన్నం," అంది. తర్వాత గొంతు తగ్గించి అంది: "మీరు కూడా ఆయన చేసేరనే అనుకుంటన్నారాండి?"

"వంతెన దగ్గరికి వెళ్ళి చూశాక చెబుతాను."

* * *

వంతెన మీద స్కూటీ ఆపి సుగుణ కువైట్‌కి ఫోన్ చేసింది. వెంకటదుర్గ పక్కింట్లో పనిచేసే బంగారమ్మది రాజోలు. నంబరు సంపాదించడానికి రెండు రోజులు పట్టింది.

"ఆ రోజు విమానం దాకా మీరే వెళ్ళారా బంగారమ్మగారూ?"

"ఆయ్, మా సేటు డ్రైవరు కార్లో నేనే దింపేనండి. రాత్రి ఎనిమిదింటికి ఎయిర్‌పోర్టు గుమ్మంలో దిగింది. పది ఇరవైకి విమానం. కారులో ఉన్నంతసేపూ నా చెయ్యి వదల్లేదండి. పిల్ల ఎంత పొడుగయ్యిందో, బడి నుంచి వచ్చేటప్పుడు దారిలో చూస్తాను, గుర్తుపడతదో లేదో అంటూనే ఉంది."

"అక్కకి ఫోన్ చేసిందా?"

"ఎందుకు చేస్తదండీ? అక్కకి తెలియకూడదనే కదా చెప్పకుండా బయల్దేరింది. తొమ్మిదేళ్ళలో రెండుసార్లే రానిచ్చింది, మిగతా ప్రతిసారీ వస్తానంటే పరీక్షలనీ, పిల్లకి ఒంట్లో బాలేదనీ ఆవిడ ఆపేసేదండి. ఆఖర్న విమానం ఎక్కేక నాకే చేసింది. తలుపులు వేసేస్తన్నారు బంగారూ, ఫోన్ ఆపేస్తన్నాను అంది."

"విమానంలో ఎన్ని గంటల ప్రయాణమండీ?"

"నాలుగున్నర గంటలండి. మహా అయితే ఐదు."

"ఏడు గంటలు పడుతుందా ఎప్పుడైనా?"

"ఏడు గంటలు ఎక్కడి మాటండీ! నేను ఆరుసార్లు తిరిగేను."

సుగుణ ఫోన్ పెట్టేసి లెక్క వేసుకుంది. కువైట్‌కీ హైదరాబాద్‌కీ మధ్య మూడువేల మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. విమానం టికెట్ మీద బయల్దేరే టైము ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు, దిగే టైము ఈ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. రెండూ ఒకే గడియారం అనుకుని తీసివేత వేస్తే ఏడు గంటలు వస్తుంది. తొమ్మిదేళ్ళు అక్కడ బతికి, రెండుసార్లు వచ్చివెళ్ళిన మనిషి నోట ఆ మాట రాదు.

సీఐ కూడా అదే తీసివేత వేశాడు. అందుకే అతనికి తేడా కనిపించలేదు.

వంతెన నుంచి పల్లిమెరకకి రెండు దారులు. ఒకటి చుట్టూ తిరిగి వెళ్ళే తారురోడ్డు. రెండోది రొయ్యల చెరువు గట్టు, అడ్డదారి. గట్టు మొదట్లో ఎండిన తాటిమట్టలు అడ్డంగా వేసి ఉన్నాయి. పక్కన చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లకి గ్రీజు పెడుతున్న కూలీని పిలిచి సుగుణ అడిగింది.

"ఈ మట్టలు ఎందుకు వేశారు?"

"కొత్త మట్టి వేసేమండి, మంగళవారం. చెరువులో మడ్డి తీసి గట్టుకెత్తేం. ఆరేదాకా బళ్ళు తిరగొద్దని పెద్దిరాజుగారు మట్టలు వేయించేరు. ఇప్పుడు ఆరిపోయిందిలెండి, రాయైపోయింది."

"పెద్దిరాజుగారు అంటే?"

"భవానీదేవిగారి పెనిమిటండి. చెరువు లీజు ఆయనదే. మట్టి వేయించి ఆ సాయంత్రమే రొయ్య పిల్ల కోసం కాకినాడ వెళ్ళేరు. పాపం, శవం దొరికేకే ఊళ్ళోకొచ్చేరు."

సుగుణ మట్టలు దాటి గట్టెక్కింది. నల్లటి మడ్డి ఎండకి పెంకులా బిగిసిపోయింది. పది అడుగులు వేసేసరికి వంగి కూర్చుంది.

రెండు సన్నటి గాడులు, జానెడు ఎడంగా, సమానంగా వెళ్తున్నాయి. చక్రాల పెట్టె లాక్కుంటూ వెళ్తే పడే గాడులు. మట్టి తడిగా ఉన్నప్పుడు పడ్డాయి. వాటి పక్కనే ఆడమనిషి చెప్పుల అచ్చులు. ఆ పక్కన సైకిల్ టైరు గీత, దాని వెంట ఇంకో జత అచ్చులు, కొంచెం చిన్నవి. సైకిల్‌ని నడిపించుకుంటూ ఎవరో వెంకటదుర్గ పక్కన నడిచారు.

వీరబాబు చెప్పింది నిజం. ఆమె వంతెన దగ్గర దిగింది. నడిచి వచ్చింది. ఒంటరిగా మాత్రం రాలేదు.

సుగుణ ప్రతి పది అడుగులకీ ఫొటో తీసుకుంటూ వెళ్ళింది. గట్టు సగంలో చెరువు నీళ్ళు మురుగుకాలవలోకి వదిలే సిమెంటు తూము ఉంది. గాడులు అక్కడ ఆగిపోయాయి. దాని చుట్టూ మట్టి అంతా తొక్కిసలాడినట్టు చిందరవందరగా ఉంది. అక్కడి నుంచి ముందుకి సైకిల్ గీత, పక్కన చిన్న అచ్చులు వెళ్ళాయి; ఇంకెవరివో పెద్ద అచ్చులు అటు నుంచి తూము దాకా వచ్చి మళ్ళీ అటే పోయాయి. చిన్న అచ్చుల మధ్య దూరం పెరిగింది. అంటే పరుగు.

తూము సిమెంటు దిమ్మంతా పాతనాచు పట్టి ఆకుపచ్చగా ఉంది. ఒక అంచున మాత్రం మూరెడు మేర తెల్లగా, చీపురుతో తోమినట్టు శుభ్రంగా ఉంది. చెరువు తూముని తోమి శుభ్రం చేసేవాళ్ళు లోకంలో ఎవరూ ఉండరు.

దిగువన కాలవ రోడ్డు వైపు పారుతోంది. శవం దొరికిన తూర అటే.

ఆమె సీఐకి ఫోన్ చేసింది. "మీరు రావాలి. వంతెన దగ్గర బండి ఆపి నడిచి రండి. గట్టు మీదకి బండి తేవద్దు."

అరగంటకి జీపు చప్పుడు వినిపించింది. వంతెన దగ్గర ఆగలేదు. తాటిమట్టలు విరుచుకుంటూ గట్టెక్కి, నేరుగా తూము దాకా వచ్చి ఆగింది. సుగుణ చేతులూపుతూ పరిగెత్తినా డ్రైవరు బ్రేకు వేయలేదు.

సుబ్రహ్మణ్యేశ్వరరావు దిగి చుట్టూ చూశాడు. "ఏవండీ గుర్తులు?"

జీపు టైర్ల కింద ఎండిన మడ్డి పొడి పొడి అయిపోయి ఉంది.

"నడిచి రమ్మన్నాను," అంది సుగుణ.

"మీరు రమ్మన్నట్టు రావడానికి నేను మీ గుమాస్తాని కాదు."

"ఫొటోలు తీశాను."

"ఫొటోలు ఎక్కడైనా తీయొచ్చు. ఈ జిల్లాలో బోలెడు చెరువు గట్లున్నాయి." అతను రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "పొద్దున్న పోస్టుమార్టం రిపోర్టు వచ్చింది. మీ క్లయింటు ఎంత గొప్పవాడో వినండి. తలమీద దెబ్బకి ఆవిడ చావలేదు. ఊపిరితిత్తుల నిండా బురదనీళ్ళు. ప్రాణం ఉండగానే నీళ్ళలో పడేశారు. ఒక్క గొలుసు కోసం. ఇంటికెళ్ళి ఆ సూర్యావతికి చెప్పండి, మొగుడి చెయ్యి లేవట్లేదని ఊరంతా ఏడుస్తోందట."

సుగుణ తూము వైపు చూసింది. తర్వాత గట్టు చివర, కొబ్బరిచెట్ల మధ్య కనిపిస్తున్న పెంకుటింటి వైపు నడిచింది.

"ఎక్కడికి?" అని సీఐ అరిచాడు. "చావు జరిగిన ఇల్లది. వాళ్ళని వేధిస్తే ఊరుకోను."

"అయితే వెంట వచ్చి ఆపండి."

* * *

భవానీదేవి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, గట్టి ఒళ్ళు, నాలుగు రోజులుగా దువ్వని జుట్టు. లోపల కుర్చీలో వెంకటదుర్గ ఫొటో, దానికి బంతిపూల దండ. అరుగు పక్కన ఆడపిల్లల సైకిల్ నిలబెట్టి ఉంది. చక్రాల పుల్లల మధ్య నల్లటి మడ్డి ఎండి పొరలు కట్టి ఉంది.

సీఐని చూసి ఆమె లేవబోయింది. అతను వద్దని చెయ్యి ఊపి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"భవానీదేవిగారూ," అంది సుగుణ ఆమెకి ఎదురుగా కింద కూర్చుంటూ, "మీ చెల్లెలు ఫోన్ చేసిన సంగతి ఇంకొక్కసారి చెబుతారా?"

"చెప్పేను కదండీ సీఐగారికి. మంగళారం రాత్రి పది ఇరవైకి చేసిందండి. విమానం ఎక్కేసేనక్కా, తలుపులు వేసేస్తన్నారు, ఏడు గంటల్లో హైదరాబాద్‌లో దిగిపోతాను, టాక్సీలో మజ్జాన్నానికి వచ్చేస్తానందండి."

"పది ఇరవై అని ఎలా గుర్తుంది?"

"గోడ గడియారం చూసేనండి."

"ఈ గడియారమేనా?" సుగుణ ఆమె తల పైన గోడకున్న గడియారం చూపించింది.

"ఆయ్, ఇదేనండి."

"ఈ గడియారంలో పది ఇరవై అయినప్పుడు కువైట్‌లో ఎనిమిది కూడా కాలేదు. మీ చెల్లెలు అప్పటికింకా ఎయిర్‌పోర్టు కూడా చేరలేదు. కారులో ఉంది. పక్కన బంగారమ్మ ఉంది. విమానం తలుపులు వేసేసరికి మన దగ్గర అర్ధరాత్రి దాటి ముప్పావు గంట అయింది."

భవానీదేవి ముఖంలో ఏ మార్పూ రాలేదు. "నాకు అవన్నీ తెలీవండి. అది చెప్పింది, నేను చెప్పేను."

"అది చెప్పి ఉంటే ఏడు గంటలని చెప్పదు. ప్రయాణం నాలుగున్నర గంటలే."

వెనక సీఐ జేబులోంచి ఫోన్ తీసిన చప్పుడు అయింది. అతను ఏదో కొట్టి చూసుకున్నాడు. సుగుణ తిరిగి చూడలేదు. కాసేపటికి అతను, "మూడువేల మూడొందల నలభై కిలోమీటర్లు... నాలుగున్నర గంటలు," అని తనలో తను చదువుకోవడం వినిపించింది.

"ఏడు గంటలు అన్నది ఫోన్లో విన్న మాట కాదమ్మా," అంది సుగుణ. "టికెట్ చూసి, రెండు టైముల మధ్యా తీసివేత వేస్తే వచ్చిన లెక్క. ఆ టికెట్ మీ చెల్లెలి ఫోన్లో ఉంది. ఆ ఫోన్ ఈ ఇంటికి వచ్చింది. ఆమె వస్తున్నట్టు మీకు ముందే తెలుసని చెబితే, దారిలో టాక్సీవాడు ఏదో చేశాడని పోలీసులు అనుకుంటారు. అనుకున్నారు కూడా. ఇక వంతెన నుంచి మీ ఇంటిదాకా ఎవరూ నడిచి చూడరు."

"నేనే చూసేనండి. ఫోన్ నేనే తెచ్చేను." భవానీదేవి ఒక్కసారిగా రెండు చేతులూ ముందుకు చాపింది. "నన్ను తీసుకుపోండి సీఐగారూ. నేనే కొట్టేను. ఇంకేమీ అడక్కండి. పదండి."

సీఐ అడుగు ముందుకు వేశాడు. సుగుణ చెయ్యి అడ్డం పెట్టింది.

"కంప్లైంటు మీద మీరు వేలిముద్ర వేశారు. మీకు చదువు రాదు. టికెట్ ఇంగ్లీషులో ఉంటుంది. మీకు చదివి పెట్టింది ఎవరు? లెక్క కట్టింది ఎవరు?"

"ఎవరూ లేరండి! నేనే..."

"నేనేనండి," అంది లోపల్నుంచి ఒక గొంతు.

గడప మీద పదమూడేళ్ళ పిల్ల నిలబడి ఉంది. రెండు జడలు, కళ్ళ కింద నల్లటి గుంటలు. వెంకటదుర్గ కూతురు తులసి.

"నువ్వు లోపలికి పో!" భవానీదేవి అరిచింది.

తులసి వెళ్ళలేదు. ద్వారబంధం పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పడం మొదలెట్టింది.

"ఒంటిపూట బళ్ళు కదండి. పన్నెండున్నరకి వదిలేసేరు. సైకిల్ మీద వస్తంటే వంతెన మీద కువైటమ్మ నిలబడి ఉంది. నేను గుర్తుపట్టేను. ఫోన్లో చూస్తాను కదా. నన్ను పట్టుకుని ఏడ్చింది. గట్టు మీంచి నడిచొచ్చేం. తూము దగ్గర ఆగి, హైదరాబాద్‌లో హాస్టల్లో వంటపని దొరికింది, గది కూడా ఇస్తారంట, ఇంక కువైట్ వెళ్ళను, ఇవాళే మనం వెళ్ళిపోదాం అంది. అమ్మకి చెప్పి వెళ్దామన్నాను." పిల్ల జడ కొస చేతిలోకి తీసుకుంది. "'అమ్మని నేనేనే' అంది."

తులసి కళ్ళు అరుగు పక్కనున్న సైకిల్ మీద పడ్డాయి.

"నాకు భయమేసింది. చెయ్యి పట్టుకుంది. నేను విదిలించుకున్నాను. గట్టిగా. బురద కదండీ, జారి వెనక్కి పడిపోయింది. తల దిమ్మకి కొట్టుకుంది. రక్తం వచ్చింది. పిలిస్తే పలకలేదు. నేను పరిగెత్తుకొచ్చి అమ్మని పిలిచేను. అమ్మ నన్ను గదిలో పెట్టి బయట గడియ వేసి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. చీరంతా తడిసిపోయి ఉంది. 'పోయిందే' అంది. 'నీ చేత్తో పోయింది. ఎవరికైనా చెప్తే నిన్ను తీసుకెళ్ళిపోతారు. నేను చూసుకుంటాను, నువ్వు నా దగ్గరే ఉండు' అంది."

"ఫోన్?" అని అడిగింది సుగుణ మెల్లిగా.

"అమ్మ తెచ్చింది. తెరవమంది. నా పుట్టినరోజు కొడితే తెరుచుకుంది. టికెట్లో ఉన్నది చదివేను. ఎన్ని గంటలని అడిగింది. ఏడు అన్నాను. తర్వాత అన్నీ పెట్టెలో పెట్టి చెరువులో పడేసిందండి." తులసి మొదటిసారి తలెత్తి సీఐ వైపు చూసింది. "ఆ టాక్సీ ఆయన్ని వదిలెయ్యండి. మా అమ్మని నేనే చంపేను."

సుగుణ వెనక్కి తిరిగింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు ముఖం పాలిపోయి ఉంది. అతను కూడా అదే ఆలోచిస్తున్నాడని ఆమెకి అర్థమైంది. గంట కిందట గట్టు మీద, ఆమెని గేలి చేయడానికి, అతని నోటితో అతనే చదివిన రిపోర్టు. ఊపిరితిత్తుల నిండా బురదనీళ్ళు.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది సుగుణ.

అతను తల దించుకున్నాడు.

సుగుణ లేచి వెళ్ళి పిల్ల పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల ఒళ్ళు కొయ్యలా బిగుసుకుని ఉంది.

"తులసీ, నువ్వు చంపలేదు. పడినప్పుడు మీ అమ్మకి స్పృహ తప్పింది, అంతే. నీళ్ళలో పడేసరికి ఆవిడ ఊపిరి తీస్తూనే ఉంది. డాక్టరు రాశాడు." ఆ తర్వాతి మాట ఆమె భవానీదేవితో అంది. "ఆస్పత్రికి తీసుకెళ్తే బతికేది. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసి కూడా, తన చేత్తోనే తల్లి పోయిందని ఈ పిల్లకి చెప్పారు. నాలుగు రోజులు ఆ మాట మోయించారు. ఇంకెప్పటికీ మిమ్మల్ని వదిలి పోకుండా."

భవానీదేవి చాపిన చేతులు ఒళ్ళో పడ్డాయి. ఆమె పిల్ల వైపు చూసింది. తులసి ఆమె వైపు చూడలేదు.

"నాలుగేళ్ళ పిల్లనండి," అంది చివరికి, ఎవరితో అంటోందో తెలియనట్టు. "ఒంటినిండా గజ్జి, రాత్రంతా ఏడుపు. నా పక్కలో పడుకోబెట్టుకున్నాను. నాకు పిల్లల్లేరు. జొరం వస్తే నేను, బళ్ళో వేస్తే నేను, పెద్దమనిషైతే నేను. అమ్మా అని అదే పిలిచిందండి, నేను నేర్పలేదు. తొమ్మిదేళ్ళు. అది నాలుగున్నర గంటల్లో ఎగిరొచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకుపోతానంటే, ఏ న్యాయమండి అది?"

"ఆవిడకి స్పృహ వచ్చిందా?" సీఐ అడిగాడు. "మీరు వెళ్ళేసరికి?"

భవానీదేవి చేతి గాజులు పైకీ కిందకీ తోసుకుంది.

"కళ్ళు తెరిచిందండి," అంది. "నన్ను చూసింది. నా చెయ్యి పట్టుకుంది. 'తులసి బెదిరిపోయిందక్కా, ముందు దాన్ని చూడు' అంది."